రాయి మడతపడటానికి ఎంతసేపు పడుతుంది?

మా ఇంట్లో వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే రాయి ఒకటి ఉంది. మార్కాపురం పలకల గనిలో పనికిరాదని పక్కన పడేసిన ముక్క అది. పలకల పని చేసిన మా పెదనాన్న ఎప్పుడో తెచ్చి అక్కడ పెట్టారు. మొన్న సెలవులకు వచ్చిన మా మేనల్లుడు ఫోన్లో శాటిలైట్ మ్యాపు చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి అడిగాడు: "మావయ్యా, ఈ కొండలేంది ఇట్లా నెలవంకలాగా వంగి ఉన్నాయి? ఇక్కడేమన్నా ఉల్క పడిందా?"

వాడి అనుమానం కొట్టిపారేసేది కాదు. పైనుంచి చూస్తే కడప బేసిన్, అంటే నల్లమల, వెలికొండల పాత రాతి పొరలు పరుచుకున్న ప్రాంతం, నిజంగానే నెలవంక. జగ్గయ్యపేట వైపు ఒక కొన, తిరుపతి వైపు ఇంకో కొన, నడుమ పొట్ట పడమటికి. కొన నుంచి కొనకు 440 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ వంపు లోపలి అంచున వెలికొండలు, వాటికి తూర్పున నెల్లూరు జిల్లా. గుండ్రంగా ఏది కనిపించినా గుంట గుర్తుకురావడం సహజం. కాదురా అన్నాను. "ఎట్లా చెప్తావు?" అన్నాడు. అక్కడ దొరికిపోయాను. సరిగా చెప్పాలంటే మన వెలికొండ దగ్గర మొదలుపెట్టి దక్షిణాఫ్రికా, కెనడా దాకా పోవాలి. తలుపు దగ్గరి రాయి కూడా తెప్పించుకోవాలి.

భూమి రాళ్లను రెండు విధాలుగా పాడుచేస్తుంది: వంచుతుంది, లేదా విరిచి జరుపుతుంది. వంచితే మడత. విరిచి, విరిగిన రెండు ముక్కలనూ ఒకదాని పక్కన ఒకటి జరిపితే ఫాల్ట్. మన పాఠ్యపుస్తకాల్లో దీన్నే భ్రంశం అంటారు. ఊరికే పగిలితే అది భ్రంశం కాదు, పగులే. జరిగితేనే భ్రంశం. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతం 5.4 తీవ్రతతో కంపించింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు వైపు జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. కింద ఎక్కడో పాత పగులు వెంట రాయి కొంచెం జరిగితే పైన మనకు తెలిసేది అలాగే. మామూలుగా ఈ వంచడం, విరవడం రెండూ ఎంతో నిదానంగా నడిచే పనులు. భూఫలకాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు కదులుతాయి, అంటే మన గోళ్లు పెరిగే వేగం. ఆ వేగంతో తోస్తే ఒక కొండల వరస మడతపడటానికి లక్షలు, కోట్ల ఏళ్లు కావాలి.

ఉల్క పడినచోట కూడా రాయి మడతపడుతుంది, విరుగుతుంది, జరుగుతుంది. మ్యాపు మీద గీస్తే అవే బొమ్మలు, అవే గుర్తులు. తేడా ఒక్కటే. అక్కడ పని మొత్తం పది నిమిషాల లోపు అయిపోతుంది.

ఈ ఒక్క తేడాను పట్టుకుంటే మిగతా చిక్కు చాలావరకు విడిపోతుంది. అందుకని ముందు ఆ పది నిమిషాల్లో ఏం జరుగుతుందో చూద్దాం.

పది నిమిషాల పని

ఉల్క సెకనుకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చిందనుకోండి. ఆ లెక్కన ఒంగోలు నుంచి నెల్లూరుకు ఆరు సెకన్లు. నేలను తాకిన చోట దాని దెబ్బ రాయిలోకి అలలాగా దూరుతుంది. మామూలు శబ్ద తరంగం రాయిని కదిలించి మళ్లీ ఉన్నచోటే వదిలేస్తుంది. ఈ షాక్ తరంగం అలా వదలదు. అది దాటిపోయాక కూడా రాయికి ఎంతో కొంత వేగం మిగిలిపోతుంది. ఆ మిగిలిన వేగమే బయటికీ పైకీ రాయిని చిమ్మి గుంట తవ్వుతుంది. అంటే ఉల్క గునపంలాగా దిగి గుంట చేయదు. అది రాయిని తోస్తుంది, ఆ తోసిన రాయే గుంట చేసుకుంటూ పోతుంది.

గుంట చిన్నదైతే కథ అక్కడితో దాదాపు అయిపోతుంది. అమెరికాలోని ఆరిజోనాలో ఉన్న మీటియర్ క్రేటర్ అలాంటిదే. 50 వేల ఏళ్ల కిందటిది, 1.2 కిలోమీటర్ల వెడల్పు, 170 మీటర్ల లోతు. దాని గట్టు మీద చూడదగ్గ విషయం ఒకటుంది. ఆ ఎడారిలో మామూలుగా అడుగున కోకోనినో ఇసుకరాయి, దాని మీద కైబాబ్ సున్నపురాయి, అన్నిటికన్నా పైన ఎర్రటి మోయెన్‌కోపి రాయి ఉంటాయి. గట్టు మీద మాత్రం ఎర్రరాయి మీద సున్నపురాయి, దాని మీద ఇసుకరాయి, వరస మొత్తం తలకిందులు. గుంట అంచున రాతి పొరలు పైకి లేచి, దోసె అంచు మడిచినట్టు బయటికి తిరగబడ్డాయి. ఇంకో వింత, ఆ గుంట పూర్తి గుండ్రం కాదు, కాస్త నలుచదరం. అక్కడి రాయిలో ఉల్క పడకముందే ఉన్న పగుళ్ల వెంట చీలిక సులువుగా సాగింది కాబట్టి మూలలు వచ్చాయి. గుండ్రంగా లేకపోతే ఉల్కా గుంట కాదనుకోవడం కూడా తప్పేనన్నమాట.

భూమి మీద గుంట వెడల్పు రెండు నుంచి నాలుగు కిలోమీటర్లు దాటితే లెక్క మారుతుంది. మెత్తని అవక్షేప శిలల్లో రెండు దగ్గర, గట్టి గ్రానైట్ లాంటి వాటిలో నాలుగు దగ్గర. అంతకన్నా పెద్ద గుంట తన బరువుకు తానే నిలబడలేదు. ఒరలు వేయని నేలబావి వానాకాలంలో గట్టు విరిగి లోపలికి జారినట్టు, గుంట గోడలు మెట్లు మెట్లుగా లోపలికి జారిపోతాయి. ఆ మెట్టు మెట్టుకూ మధ్య ఉన్నదే భ్రంశం. గుంట చుట్టూ వలయంలాగా, పైన నిటారుగా, కిందికి పోయేకొద్దీ చదునుగా వంగే భ్రంశాలు ఇవి. అంచు దగ్గర రాయి సాగి, విడిపోయి, కిందికి జారుతుంది.

అదే సమయంలో గుంట నడుమ అడుగు పైకి లేస్తుంది. నీళ్ల తొట్టిలో రాయి వేస్తే చిన్న గుంట పడి, మరుక్షణం నడుమ నీళ్లు పైకి ఎగురుతాయే, అలాగన్న మాట. నీళ్లు మళ్లీ కిందికి పడిపోతాయి. రాయి మాత్రం ఎగిరిన చోటే గడ్డకట్టినట్టు ఆగిపోతుంది. ఎంత ఎత్తు లేస్తుందంటే, గుంట వ్యాసంలో సుమారు పదో వంతు. పది కిలోమీటర్ల గుంటలో నడుమ రాయి కిలోమీటరుకు దగ్గరగా లేచి వస్తుంది.

ఇక్కడే అసలైన చిక్కు. గోడలు నడుమకు జారుతున్నాయి, నాలుగు వైపుల నుంచి రాయి ఒకే కేంద్రం వైపు వస్తోంది. కేంద్రం నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న రాతి వలయం చుట్టుకొలత పన్నెండున్నర కిలోమీటర్లు. అదే వలయం కిలోమీటరు దూరానికి వచ్చిందంటే దానికి ఉన్న చోటు ఆరు కిలోమీటర్ల పైచిలుకే. మిగతా ఆరు కిలోమీటర్ల రాయి ఎక్కడికి పోవాలి? గోనెసంచి మూతి తాడేసి బిగించి చూడండి. నోటి దగ్గర ముడతలన్నీ మధ్య నుంచి బయటికి కిరణాల్లాగా పరుచుకుంటాయి. రాయి కూడా అదే పని చేస్తుంది. కేంద్రం నుంచి బయటికి చూసే మడతలు పడతాయి. మడతపడే ఓపిక లేని పొరలు విరిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. పైకి లేచిన ఈ దిబ్బకూ, మెట్లు జారిన అంచుకూ నడుమ పొరలు కిందికి కుంగి, కాలువలాగా చుట్టూ తిరిగే మడత ఒకటి ఏర్పడుతుంది.

చూశారా, ఒకే గుంటలో అంచు దగ్గర రాయి సాగుతోంది, నడుమ నలుగుతోంది. మామూలు కొండల్లో ఒక ప్రాంతమంతా ఒకే దిక్కు నుంచి తోపుడు ఉంటుంది. ఇక్కడ దిక్కు లేదు, కేంద్రం ఒక్కటే ఉంది.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో అప్‌హీవల్ డోమ్ అనే చోట ఇవన్నీ బయటికే కనిపిస్తాయి. అయిదు కిలోమీటర్ల వెడల్పు. కింద ఉన్న ఉప్పు పొర మెత్తగా పైకి పొంగి రాళ్లను ఎత్తిందని కొందరు, ఉల్క పడిందని కొందరు దశాబ్దాలపాటు వాదించుకున్నారు. చుట్టూ తిరిగే కుంగుడు మడత, నడుమకు బిగుసుకున్న ముడతలు, ఇవన్నీ ఉల్క పక్షానికే బలమిచ్చాయి. అయినా వాటితో తగువు తీరలేదు. చివరికి 2008లో దెబ్బ తిన్న క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే గట్టి ఖనిజం) రేణువులు దొరికాకే తీరింది. ఆ రేణువుల సంగతికి మళ్లీ వస్తాను.

గట్టి రాయి నీళ్లలాగా ఎలా కదిలింది?

మా మేనల్లుడు ఇక్కడ పట్టుకున్నాడు. "కరిగితే కదా పారేది. కరిగిందా?" అన్నాడు. కొంత కరుగుతుంది, నిజమే. కానీ పైకి లేచిన నడుమ దిబ్బలో ఎక్కువ భాగం కరగని రాయే. కరగకుండా ఎలా పారింది అన్నది ఈ శాస్త్రంలో పాత పంచాయితీ. దానికి బాగా నిలబడిన జవాబు 1979లో అమెరికన్ శాస్త్రవేత్త జే మెలోష్ చెప్పింది. రాయి ముక్కలు ముక్కలుగా పగిలి, ఆ ముక్కలన్నీ షాక్ తర్వాత మిగిలిన ప్రకంపనలకు అదురుతూ ఉంటాయి. అదురుతున్నంతసేపు ముక్కల మధ్య రాపిడి బాగా తగ్గిపోతుంది. శనగల బస్తా నింపేటప్పుడు నాలుగుసార్లు ఎత్తి కుదిపితే గింజలు కుదురుకుని ఇంకో రెండు కిలోలు పడతాయి కదా. కుదుపు ఉన్నంతసేపే గింజలు పారతాయి, ఆగగానే బస్తా గట్టిపడిపోతుంది. గింజ ఒక్కటీ మెత్తబడలేదు.

దీనివల్ల కంటికి ఒక మాయ కనిపిస్తుంది. కిలోమీటరు దూరం నుంచి చూస్తే రాతి పొర మైనంలాగా ఒయ్యారంగా వంగి ఉంటుంది. దగ్గరికి పోయి భూతద్దం పెడితే వంగిన రాయి అంటూ ఏమీ ఉండదు, అంతా పిండైన పగుళ్లే. కోట్ల చిన్న చిన్న జరుగుళ్లు కలిసి దూరానికి మడతలా కనిపిస్తున్నాయి. 2016లో మెక్సికో తీరంలో చిక్షులూబ్ గుంటను సముద్రం మీంచి డ్రిల్ చేసినప్పుడు ఇదే తేలింది. డైనోసార్లను తుడిచిపెట్టిన 6.6 కోట్ల ఏళ్ల నాటి గుంట అది. దాని లోపలి వలయపు దిబ్బలో గ్రానైట్ దొరికింది. దాదాపు పది కిలోమీటర్ల లోతున ఉండాల్సిన రాయి అది. మామూలు గ్రానైట్ కన్నా తేలిక, ఎందుకంటే ఒళ్లంతా పగుళ్లే. అంత లోతు నుంచి నిమిషాల్లో పైకి వచ్చి, అప్పటి నుంచి కదలకుండా ఉంది.

ఇప్పుడు తలుపు దగ్గరి రాయిని తెచ్చాను. మార్కాపురం పలకరాయి ఒకప్పుడు బురద. పొర మీద పొరగా నీళ్ల అడుగున పేరుకుంది. రాయయ్యాక నల్లమలతో పాటు నలిగి మడతపడింది. నలిగేటప్పుడు అందులోని సన్నటి రేకుల్లాంటి ఖనిజాలు నిదానంగా తిరిగి, కొత్తగా పెరిగి, తోపుడుకు అడ్డంగా ఒకే వాటాన సర్దుకున్నాయి. పలక చీలేది ఆ వాటం వెంటే, బురద పేరుకున్న పొర వెంట కాదు. పెదనాన్న ఉలి పెట్టే ముందు రాయిని అటూ ఇటూ తిప్పి చూసేవారు. "వాటం చూడకుండా కొడితే పలక కాదురా, పొట్టు వస్తుంది" అనేవారు. మా ముక్క మీద రెండు వాటాలూ ఉన్నాయి. చదునుగా చీలిన ముఖం ఒకటి. దాని మీదుగా ఏటవాలుగా, వేలెడు వెడల్పున లేత బూడిద రంగు చార ఒకటి. ఆ చార అసలు బురద పొర. చీలిన ముఖం తర్వాత వచ్చిన ఒత్తిడి రాత. గని వాళ్లు పారేసింది కూడా ఆ చార వల్లే, రాసే పలక మీద చార ఉంటే ఎవరు కొంటారు?

ఈ చీలిక వాటం ఏర్పడాలంటే కాలం కావాలి, వేడి కావాలి. ఖనిజం నిమిషాల్లో పెరగదు. అందుకే ఉల్క వేసిన మడతల్లో మామూలుగా పలక వాటం ఉండదు. రాయి నలిగి, పిండై, వంగి ఉంటుంది కానీ రేకులు సర్దుకుని ఉండవు. ఒక పాత గుంటలో ఇలాంటి వాటం కనిపించిందంటే, ఉల్క తర్వాత, లేదా ముందు, ఇంకెవరో వచ్చి నొక్కిపోయారని అర్థం.

గుంట పోయి గుంట వేళ్లు మిగిలితే

పాత ఉల్కా గుంటల బాధ ఏంటంటే అక్కడ గుంటే ఉండదు. వానలు, నదులు కోట్ల ఏళ్లపాటు కోసేసి గట్టూ పళ్లెమూ అన్నీ తీసుకుపోతాయి. చెట్టు కొట్టేశాక మొద్దు మిగిలినట్టు, గుంట కింద ఉండిన వంగిన పొరలు, విరిగిన పొరలు మాత్రమే మిగులుతాయి. అంటే మనకు చదవడానికి మిగిలిన పుస్తకం మడతలు, భ్రంశాలే.

దక్షిణాఫ్రికాలోని వ్రెడెఫోర్ట్ అందుకు పెద్ద ఉదాహరణ. 202 కోట్ల ఏళ్ల కిందటి దెబ్బ. మొదట్లో గుంట వెడల్పు 250 నుంచి 300 కిలోమీటర్లు ఉండేదని అంచనా. పైన చాలా కిలోమీటర్ల మందం రాయి కొట్టుకుపోయింది. ఇప్పుడు కనిపించేది నడుమ లేచిన దిబ్బ తాలూకు మొద్దే, అదే దాదాపు 90 కిలోమీటర్లు. 2005 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. వాల్ నది ఒడ్డున పారిస్ అని ఒక ఊరు, ఫ్రాన్సులోది కాదు. అక్కడ నుంచి బయటి వైపు నడవడం మొదలుపెడితే ముందు 300 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైట్ జాతి రాళ్లు, ఆ తర్వాత వలయంగా నిటారు గోడల్లా నిలబడిన ఇసుకరాయి, లావా పొరలు వస్తాయి. లోతున చదునుగా పడుకుని ఉండాల్సిన పొరలవి. ఉత్తరం, వాయవ్యం వైపు అయితే నిలబడటంతో ఆగలేదు, వెల్లకిలా తిరిగిపోయాయి. పాత పొర పైకి, కొత్త పొర కిందికి.

తిరగబడిందని ఎలా తెలుస్తుంది? గుండ్లకమ్మ ఇసుకలో నీరు తీసిన తర్వాత అలల గీతలు చూసే ఉంటారు. శిఖరం సన్నగా పైకి, లోయ గుండ్రంగా కిందికి. ఆ ఆకారం రాయిగా మారినా అలాగే ఉండిపోతుంది. రాతిలో సన్నటి శిఖరం కిందికి చూస్తోందంటే పొర తలకిందులైనట్టే. భూగర్భ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా నచ్చే సాక్ష్యం ఇది, మిషన్ అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

వ్రెడెఫోర్ట్ గ్రానైట్‌లో నల్లటి గాజులాంటి తీగలు కూడా ఉన్నాయి. కొన్నిచోట్ల దారం మందం, కొన్నిచోట్ల మీటర్ల వెడల్పు, మధ్యలో గుండ్రటి గ్రానైట్ ముక్కలు తేలుతూ. 1916లో ఎస్.జె.షాండ్ అనే ఆయన పారిస్ ఊరి దగ్గర వీటిని చూసి సూడోటాకిలైట్ అని పేరు పెట్టారు. లావా గాజులా ఉంటుంది కానీ లావా కాదు అని దాని భావం. రాయి రాయితో ఒరుసుకున్న వేడికో, షాక్ వేడికో అక్కడికక్కడ కరిగి, పగుళ్లలోకి దూరి, వెంటనే గడ్డకట్టింది. రాపిడి ఎంత, షాక్ ఎంత అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. చీమకుర్తి క్వారీల్లో నల్లరాయి చూసి పెరిగిన వాళ్లకు ఆ నలుపు కొత్తగా అనిపించదు. కానీ చీమకుర్తి గెలాక్సీ రాయి భూగర్భంలో తీరిగ్గా చల్లబడింది. అందుకే అందులో మెరిసే పెద్ద రేకులు పెరిగాయి. వ్రెడెఫోర్ట్ తీగకు అంత తీరిక దొరకలేదు.

దిబ్బ చుట్టూ కుంగిన వలయపు మడత సంగతి ఇందాక చెప్పాను. వ్రెడెఫోర్ట్‌లో ఆ మడత లోకానికి పెద్ద ఉపకారం చేసింది. విట్‌వాటర్స్‌రాండ్ బంగారు పొరలు ఉల్క కన్నా ఎంతో పాతవి. దెబ్బకు అవి కిందికి కుంగాయి, కుంగినందువల్ల కోతకు గురి కాకుండా తప్పించుకున్నాయి. బంగారం తెచ్చింది ఉల్కేనని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లున్నారు, తప్పు. ఉల్క తేలేదు, దాచిపెట్టింది.

ఇక కెనడాలోని సడ్‌బరీ. ఇది అసలైన చిక్కుముడి. 185 కోట్ల ఏళ్ల కిందట పడింది. మ్యాపులో చూస్తే గుండ్రంగా ఉండదు. పొడుగు 60, వెడల్పు 30 కిలోమీటర్ల కోడిగుడ్డు ఆకారం. 1883లో రైలు మార్గం వేస్తుంటే అక్కడ నికెల్, రాగి ఖనిజం బయటపడింది. ఎనభై ఏళ్లపాటు అది అగ్నిపర్వత సంబంధమైనదనే ఎక్కువమంది అనుకున్నారు. 1964లో రాబర్ట్ డీట్జ్ ఉల్క మాట ఎత్తాడు. మరి ఉల్కే అయితే గుడ్డు ఆకారం ఎందుకొచ్చింది?

జవాబు పలకరాయిలో ఉంది. గుంట పడ్డాక దాని పళ్లెంలో ముందు పగిలిన రాళ్ల చెత్త, ఆ పైన నల్లటి బురద, ఆ పైన ఇసుక పేరుకున్నాయి. ఆ బురదే ఇప్పుడు ఆన్‌వాటిన్ పలకరాయి. ఆ ఇసుక చెమ్స్‌ఫర్డ్ పొరలు. అవి ఉల్క పడ్డాక వచ్చి చేరినవి. వాటికి ఆ దెబ్బతో సంబంధం ఉండే అవకాశమే లేదు. కానీ అవీ మడతపడి ఉన్నాయి, ఆ బురద పలక వాటంగా చీలుతుంది. అంటే ఉల్క తర్వాత దక్షిణం వైపు నుంచి కొండలు పుట్టించే తోపుడు ఒకటి వచ్చి గుంటను నొక్కింది. దక్షిణపు అంచు విరిగి, ఉత్తరం వైపు పైకెక్కింది. గుండ్రటిది గుడ్డయింది. ఇక ఆ తోపుడు ఎప్పటికి ఆగింది? 124 కోట్ల ఏళ్ల కిందటి నల్లటి డైకులు, అంటే పగుళ్లలో నిలువుగా గడ్డకట్టిన లావా గోడలు, ఈ మడతలన్నిటినీ తిన్నగా కోసుకుంటూ పోయాయి. కోసినది కోయబడిన దానికన్నా వయసులో చిన్నది. ఇంటి గోడ మీద పగులు గోడ కన్నా ముందు పుట్టదు కదా.

సడ్‌బరీ పక్కనే వానాపిటై అనే చెరువు ఉంది. అది కూడా ఉల్కా గుంటే, 3.7 కోట్ల ఏళ్ల కిందటిది. ఏడున్నర కిలోమీటర్ల వెడల్పు. దీనికి మొదటి దానితో ఏ సంబంధమూ లేదు. ఒకే ఊరి మీద రెండుసార్లు పిడుగు పడ్డట్టు. ఇలాంటివి చెబితే మా వాడికి భలే సరదా.

గూడూరు మైకా సాక్ష్యం చెల్లదు

మడతలు, భ్రంశాలు ఎంత గుండ్రంగా తిరిగినా, వాటితోనే ఉల్క అని తీర్పు చెప్పకూడదు. ఉప్పు పొంగినా గుండ్రం వస్తుంది, లావా పైకి తోసినా వస్తుంది. రెండు దిక్కుల తోపుళ్లు వేర్వేరు కాలాల్లో అడ్డంగా పడినా బోర్లించిన పళ్లెంలాంటి గుమ్మటాలు వస్తాయి. ఎక్కడైనా ఉల్క అని రుజువు కావాలంటే షాక్ ఒత్తిడి తప్ప ఇంకేదీ చేయలేని గుర్తు దొరకాలి.

గూడూరు, సైదాపురం వైపు పాత మైకా గనుల దిబ్బల మీద తిరిగినవాళ్లకు వంగిన మైకా ముక్కలు తెలుసు. నోటుబుక్కు అట్ట మడిచినట్టు, రేకులన్నీ ఒకేచోట చటుక్కున మలుపు తిరిగి ఉంటాయి. ఉల్కా గుంటల్లోని మైకా కూడా సరిగ్గా ఇలాగే వంగి ఉంటుంది. మొదట్లో దాన్ని సాక్ష్యంగా చూపినవాళ్లు ఉన్నారు. కానీ మైకా మెత్తన, మామూలు తోపుడుకు కూడా ఇలాగే వంగుతుంది. మన నెల్లూరు మైకాయే అందుకు రుజువు. కాబట్టి ఆ సాక్ష్యం చెల్లదు.

క్వార్ట్జ్ అలా కాదు, అది గట్టి పిండం. మామూలు కొండల తోపుడుకు అది చూపించే గుర్తులు వేరు. లక్ష వాతావరణ పీడనాలకు సమానమైన షాక్ ఒక్కసారిగా దాటినప్పుడు మాత్రమే క్వార్ట్జ్ రేణువు లోపల మైక్రాన్ల దూరంలో, దువ్వెనతో గీసినంత తిన్నగా, సమాంతర పలకల గుంపులు ఏర్పడతాయి. ఒక గుంపును ఇంకో గుంపు కోస్తూ ఉంటుంది. ఇది మైక్రోస్కోపులో చూడాల్సిన గుర్తు. కంటికి కనిపించేది ఒకటుంది, షాటర్ కోన్. తాటాకు విసనకర్ర ఈనెల్లా ఒక మొన నుంచి గీతలు విచ్చుకుంటూ పోయే శంకువు ఆకారపు పగులు. అంగుళం సైజు నుంచి మనిషెత్తు దాకా ఉంటాయి. వ్రెడెఫోర్ట్‌లోనూ సడ్‌బరీలోనూ దొరికాయి. తిరగబడిన పొరలను లెక్కలో మళ్లీ చదునుగా పరిస్తే ఈ శంకువుల మొనల్లో చాలావరకు లోపలికి, పైకి, దెబ్బ వచ్చిన దిక్కు వైపు తిరుగుతాయని తొలి పరిశోధకులు చూపించారు. అంటే శంకువులు ముందు, పొర తిరగబడటం తర్వాత. అదీ కొన్ని నిమిషాల తేడాతో. అన్ని చోట్లా ఈ లెక్క అంత శుభ్రంగా కుదరదు కానీ, కుదిరినచోట ఇంతకన్నా చక్కటి ఆధారం ఉండదు.

మన దేశంలో ఇలాంటి గుర్తులతో నిలబడిన పాత గుంటలు తక్కువే. మధ్యప్రదేశ్ శివపురి జిల్లాలోని ఢాలా 170 నుంచి 250 కోట్ల ఏళ్ల మధ్యది, వెడల్పు సుమారు 11 కిలోమీటర్లు. రాజస్థాన్ బారాన్ జిల్లాలోని రామ్‌గఢ్‌లో చుట్టుపక్కలంతా దాదాపు చదునుగా ఉన్న వింధ్య ఇసుకరాయి ఒక్క ఆ వలయంలో మాత్రం నిటారుగా లేచి నిలబడింది. దాని నడుమ భండ్ దేవరా గుడి ఉంది. మహారాష్ట్రలోని లోణార్ అందరికీ తెలిసిందే కానీ అది వయసులో చిన్నపిల్ల, 1.8 కిలోమీటర్ల మామూలు గిన్నె గుంట. నడుమ లేచిన దిబ్బ వెతికితే అక్కడ దొరకదు. ఆంధ్రప్రదేశ్ నుంచి ధ్రువపడిన ఉల్కా గుంట ఒక్కటీ ఆ జాబితాలో లేదు.

మరి మన నెలవంక సంగతి? కడప బేసిన్ ఉల్క తవ్విన గుంట కాదు. 190 కోట్ల ఏళ్ల కిందట మొదలై నేల నిదానంగా కుంగుతూ, విడతలు విడతలుగా సముద్రం వచ్చి పోతూ పూడిన తొట్టి అది. నల్లమలలో మడతలు కిరణాల్లా విచ్చుకోవు, వలయాలుగా తిరగవు. ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా, ఒకదాని పక్కన ఒకటి, తూర్పు నుంచి వచ్చిన తోపుడుకు పడమటికి వాలి ఉంటాయి. కంభం, గిద్దలూరు దాటి తూర్పుకు వచ్చేకొద్దీ మడతలు బిగుసుకుంటాయి. వెలికొండ అంచున అయితే నెల్లూరు వైపు పాత రాళ్లు పడమటికి జరిగి, వాటికన్నా చిన్నవైన నల్లమల పొరల మీదికి ఎక్కాయి. మొత్తం తూర్పు అంచు ఒక పెద్ద తోపుడు భ్రంశం. నెలవంక లోపలి వంపుకు ఆ తూర్పు తోపుడులో పెద్ద వాటా ఉంది. కేంద్రం లేదు, దిక్కు ఉంది. పలక వాటం ఉంది. షాక్ తిన్న క్వార్ట్జ్ లేదు.

మా వాడు పలకరాయిని చేతిలోకి తీసుకుని దీపం కింద పెట్టి చూశాడు. చారను గోరుతో గీకాడు. చార మీదుగా వెంట్రుక మందంలో తెల్లటి క్వార్ట్జ్ గీత ఒకటి పోతోంది, ఇన్నేళ్లలో నేను గమనించనిది. చార దగ్గర అది తిన్నగా ఉంది. రాయి అంచుకు వచ్చేసరికి చీలిక వాటం వైపు రెండు చిన్న వంకరలు తిరిగింది.

"ముందు చార. తర్వాత ఈ తెల్లగీత," అన్నాడు. కొంచెంసేపు ఆగి, "వంకర పోయిందంటే నొక్కేది ఇంకా అయిపోలేదు అప్పటికి," అన్నాడు.

తలుపు ఆ రాత్రంతా కొట్టుకుంటూనే ఉంది. రాయి వాడి పరుపు పక్కన ఉంది.